బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా ఎపిసోడ్ 1 ‘33’: ఆ ఓడని పేల్చడం కరెక్టేనా?

రాత్రిగూబ
బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ రీవాచ్ మొదలైంది కాబట్టి మొదటి ఎపిసోడ్‌కి థ్రెడ్ తెరుస్తున్నా. రూల్ ఒక్కటే. దీనికి ముందు వచ్చిన మినీ సిరీస్, ఈ ఎపిసోడ్, అంతవరకే మాట్లాడుకుందాం. తర్వాత ఎవరు సైలాన్ (మనుషులు చేస్తే మనుషుల మీదే తిరగబడిన యంత్రాలు) అని తేలుతుందో, ఎవరు పోతారో ఎవరూ నోరు జారొద్దు, మొదటిసారి చూస్తున్నవాళ్ళు ఉన్నారు.

కథ తెలిసిందే. పన్నెండు కాలనీల మీద అణుదాడి అయ్యాక మిగిలిన యాభై వేల మంది గెలాక్టికా అనే యుద్ధనౌక కాపలాలో అంతరిక్ష ఓడల్లో పారిపోతుంటారు, ప్రతి 33 నిమిషాలకి సైలాన్లు వచ్చి మీద పడతారు, వీళ్ళు క్షణంలో అంతరిక్షంలో ఇంకో చోటికి జంప్ చేస్తారు, మళ్ళీ గడియారం మొదటికొస్తుంది. ఎపిసోడ్ తెరుచుకునేసరికే ఇది ఐదు రోజులుగా నడుస్తోంది. నాకు బాగా నచ్చింది అదే. ఎలా మొదలైందో చూపించరు, ఎవరూ కూర్చుని వివరించరు, ఆ మొహాలు చూస్తే మనకే తెలిసిపోతుంది.

ఇక అసలు గొడవ ఒలింపిక్ క్యారియర్. 1,345 మంది ఉన్న పౌర ఓడని సొంతవాళ్ళే పేల్చేశారు. నా మాట: వేరే దారి లేదు. కాదనేవాళ్ళు రండి.

లెక్కలపిచ్చి
గొడవకి ముందు చిన్న లెక్క. మొదట్లో 237వ జంప్ అంటారు కదా, దాన్ని 33తో గుణిస్తే 7,821 నిమిషాలు, అంటే 130 గంటల పైమాటే. ఐదు రోజులు దాటిందన్న మాటకి సరిగ్గా సరిపోయింది. మామూలుగా సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళలో నోటికొచ్చిన అంకె వేసేస్తారు, ఇక్కడ ఎవరో కూర్చుని లెక్క కట్టారు, ఆ రచయితల మీద నాకు అక్కడే గౌరవం వచ్చేసింది.

కొత్త_ప్రేక్షకుడు
ఇంతకీ 33 ఏంటి అన్నా? ఎపిసోడ్ అయిపోయాక కూడా చెప్పలేదు. 30 కాదు, 35 కాదు, 33 ఎందుకు? తర్వాత చెప్తారా? (చెప్తారో లేదో మాత్రం చెప్పండి, ఏంటో చెప్పొద్దు.)

పాతకాపు
చెప్పరు తమ్ముడూ. రాసిన రోనాల్డ్ డి. మూరే తర్వాత ఆ సంగతి చెప్పేశాడు, ఆ అంకె వెనక ఏ రహస్యమూ లేదని, కావాలనే వివరణ పెట్టలేదని. నాకైతే అదే సరైన నిర్ణయం అనిపిస్తుంది. ఎవరో ఒక శాస్త్రవేత్త పాత్ర వచ్చి "సైలాన్ల ఇంజిన్ చల్లబడటానికి అంత సేపు పడుతుంది" అని ఒక్క డైలాగ్ కొట్టి ఉంటే మొత్తం భయం అక్కడికక్కడే చచ్చేది. ఎందుకొస్తున్నారో తెలియదు, వస్తారని మాత్రం తెలుసు. అదే కదా నరకం.

నిద్రలేని_జీవి
నేను నైట్ షిఫ్టుల్లో పనిచేసేదాన్ని కాబట్టి ఈ ఎపిసోడ్‌ని ఇంకో కళ్ళతో చూస్తాను. మూర్ కావాలని పెట్టాడో లేదో తెలియదు కానీ 33 నిమిషాలు అన్నది నిద్ర విషయంలో దారుణమైన అంకె. మనిషికి ఒక నిద్ర చక్రం పూర్తవ్వాలంటే దాదాపు 90 నిమిషాలు కావాలి. మధ్యలో దొరికిన అరగంటలో కన్ను మూస్తే సరిగ్గా గాఢ నిద్రలోకి జారే వేళకి సైరన్ మోగుతుంది. గాఢ నిద్రలోంచి లేపితే కాసేపు బుర్ర అసలు పనిచేయదు, ఎక్కడున్నామో కూడా తెలియదు. అంటే ఆ కునుకు తీయడం కన్నా తీయకపోవడమే నయం అనిపించే పరిస్థితి. పైగా పైలట్లకి ఆ అరగంట కూడా పూర్తిగా దొరకదు, దిగడం, ఇంధనం నింపడం, మళ్ళీ ఎక్కడం, దాంట్లోనే పోతుంది.

24 గంటలు మెలకువగా ఉంటేనే మనిషి తీరు తాగినవాడిలా ఉంటుందని పరిశోధనలు ఉన్నాయి. వీళ్ళు ఐదు రోజులు! 1963 చివర్లో, 1964 మొదట్లో రాండీ గార్డ్‌నర్ అని 17 ఏళ్ళ కుర్రాడు 264 గంటలు మేలుకొని ఉన్నాడు, కానీ అతని చేతిలో బాంబులున్న విమానం లేదు, పక్కన డాక్టర్లు కూర్చుని చూసుకున్నారు.

వైపర్_రాణి
అందుకే నాకు పైలట్లు స్టార్‌బక్, లీ మందు బిళ్ళల దగ్గర గొడవపడే సీన్ మహా ఇష్టం. ఆవిడ స్టిమ్స్ (మెలకువగా ఉంచే బిళ్ళలు) వేసుకోనంటుంది, ఆయన స్నేహితుడిలా బతిమాలుతుంటాడు, అప్పుడు ఆవిడే ఎదురు తిరిగి నువ్వు కెప్టెన్‌వి, ఫ్రెండ్‌లా బుజ్జగించకు, ఆర్డర్ వెయ్ అన్నట్టు దులిపేస్తుంది. ఇద్దరూ అరుస్తూనే మధ్యలో నవ్వేస్తారు చూడండి, నిద్ర లేనప్పుడు కోపం, నవ్వు ఒకేసారి వస్తాయి, ఆ నటన ఎంత నిజంగా ఉందో.

ఆ స్టిమ్స్ కల్పన కూడా కాదు. అమెరికా వైమానిక దళం పైలట్లకి డెక్స్‌ట్రోఆంఫెటమైన్ ఇచ్చేది, వాళ్ళు దాన్ని ‘గో పిల్’ అంటారు. 2002 ఏప్రిల్‌లో ఆఫ్ఘనిస్థాన్‌లో ఒక అమెరికన్ ఎఫ్-16 పొరపాటున కెనడా సైనికుల మీద బాంబు వేసి నలుగురిని చంపేస్తే, విచారణలో పైలట్ల తరఫు లాయర్లు ఈ బిళ్ళల ప్రస్తావన తెచ్చారు. ఈ ఎపిసోడ్ బ్రిటన్‌లో వచ్చింది 2004 అక్టోబర్‌లో, అమెరికాలో 2005 జనవరిలో. చూసినవాళ్ళలో చాలామందికి ఆ వార్త గుర్తుండే ఉంటుంది.

రాత్రిగూబ
అక్కా, నువ్వు నా వాదననే దెబ్బకొడుతున్నావ్. బిళ్ళలు మింగి ఐదు రోజులు నిద్రలేకుండా ఉన్నవాళ్ళు తీసుకున్న నిర్ణయం అంటే...

వైపర్_రాణి
అదే మరి. నేనేమీ దాచట్లేదుగా.

శూన్యంలో_చప్పుడు
నేను సూటిగా చెప్తా, పేల్చడం తప్పు. సాక్ష్యం ఏముంది? ఓడ వెనకబడిపోయింది, ఈసారి 33 నిమిషాలు దాటినా సైలాన్లు రాలేదు. ఓడ తిరిగొచ్చింది, సైలాన్లూ వచ్చారు. ఇంతే కదా! ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని 1,345 మందికి మరణశిక్షా? ఓడలో ఏదో ట్రాకర్ ఉండి ఉండొచ్చు, లోపలివాళ్ళకి ఆ సంగతి తెలియకపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు వాళ్ళ తప్పేంటి?

రాత్రిగూబ
అణ్వాయుధం ఉన్నట్టు రేడియేషన్ అలారం మోగింది కదా గురూ, దాన్ని మింగేశావేం? ఆగమంటే ఆగలేదు, దారి మార్చమంటే మార్చలేదు, నేరుగా ఓడల గుంపు మీదికి వస్తోంది. తప్పు ఎవరిది అని తీర్పు చెప్పే టైమ్ కాదది.

పాతకాపు
దానికి తోడు ఆ కిటికీల సంగతి. లీ తన వైపర్‌ని (చిన్న యుద్ధ విమానం) ఓడ పక్కగా పోనిచ్చి కిటికీల్లోకి తొంగి చూస్తాడు, ఎవరూ కనపడరు. స్క్రిప్టులో మొదట లీకి లోపల మనుషులు స్పష్టంగా కనిపిస్తారట, అది తెలిసీ కాలుస్తాడట. ఛానెల్ వాళ్ళు ఇంత చీకటి భరించలేం అని అడ్డుపడితే మార్చారు. విచిత్రం ఏంటంటే మార్చాకే ఎపిసోడ్ ఇంకా బలపడింది. మనుషులు కనిపించి ఉంటే అది ఘోరం, కానీ తేలిపోయిన ఘోరం. ఇప్పుడు లీకీ తెలియదు, మనకీ తెలియదు. ఖాళీ ఓడా, లోపల జనం నేల మీద పడుకున్నారా, ముందే అందరినీ చంపేశారా, దేనికీ జవాబు లేదు. జీవితాంతం అతను ఆ కిటికీలు చూస్తూనే ఉండాలి.

లెక్కలపిచ్చి
కెప్టెన్ గొంతు రేడియోలో వినిపించింది కదా. అంటే కనీసం ఒక్కడన్నా ఉన్నాడు.

పాతకాపు
గొంతు సైలాన్లు కూడా పంపగలరు. మనిషిలా కనిపించే సైలాన్లు ఉన్నారని మినీ సిరీస్‌లోనే తేలిపోయింది, ఇక గొంతుదేముంది.

కొత్త_ప్రేక్షకుడు
ఆగండాగండి, నాకో డౌట్. అసలు పేల్చడం ఎందుకు? వదిలేసి జంప్ చేసేస్తే సరిపోయేది కదా? ఎలాగూ ఒకసారి వెనక వదిలేశారు. కొత్త చోటు ఎక్కడో ఈసారి ఆ ఓడకి చెప్పకుండా ఉంటే చాలు.

శూన్యంలో_చప్పుడు
ఇదీ ప్రశ్నంటే!! ఇన్నేళ్ళలో ఇది అడిగినవాళ్ళందరికీ ఫ్యాన్స్ సర్దిచెప్పడమే తప్ప సరైన జవాబు ఇచ్చినవాడు లేడు.

రాత్రిగూబ
నేనిస్తా. జంప్‌కి లెక్కలు వేసుకోవాలి, అన్ని ఓడలూ సిద్ధమవ్వాలి, అది చిటికేస్తే అయ్యే పని కాదు. ఈలోపు బాంబుతో ఓడ గుంపులోకి వచ్చేస్తే? పైగా సైలాన్లు ఆ ఓడతోనే వచ్చిపడ్డారు. ఎదురుగా వాళ్ళుండగా, పక్క నుంచి అణుబాంబు వస్తుండగా ఎవడు ఆగుతాడు.

శూన్యంలో_చప్పుడు
చూపించిన దాంట్లో ఓడని కాల్చాక వాళ్ళు జంప్ చేసి వెళ్ళిపోతారు. అంటే అప్పటికే సిద్ధంగా ఉన్నారు. రెండు నిమిషాలు అటూ ఇటూ. ఆ రెండు నిమిషాల కోసం వెయ్యి మందికి పైగా.

వైపర్_రాణి
వదిలేసి వెళ్ళినా వాళ్ళు చచ్చేవాళ్ళే కదండీ, సైలాన్లు అక్కడే ఉన్నారు. తేడా ఒక్కటే, మన చేతులకి మట్టి అంటదు. మినీ సిరీస్‌లో జంప్ చేయలేని ఓడల్ని అధ్యక్షురాలు రోస్లిన్ వదిలేసి వచ్చిన సీన్ గుర్తుందా? అప్పుడు వదిలేయడం, ఇప్పుడు కాల్చడం. నాకైతే ఇదే ఆ సీన్‌కి కొనసాగింపు అనిపిస్తుంది. వదిలేసినప్పుడు మనం పెద్దగా తిట్టుకోలేదు, ఎందుకంటే చచ్చినవాళ్ళు తెర మీద లేరు, జంప్ అయిపోగానే సీన్ మారిపోయింది.

జడ్జిగారబ్బాయి
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నా, కానీ ఇక్కడ ఒక నిజం కేసు చెప్పాలి, ఎందుకంటే ఇది అచ్చంగా ఈ ఎపిసోడే. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత హైజాక్ అయిన విమానాల విషయంలో ఏం చేయాలని చాలా దేశాలు తలలు పట్టుకున్నాయి. జర్మనీ ఒక చట్టం తెచ్చింది, విమానాన్ని ఆయుధంగా వాడబోతున్నారని తేలితే, వేరే దారి లేకపోతే, రక్షణ మంత్రి ఆదేశంతో కూల్చేయొచ్చు అని. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2005 జనవరిలో, అమెరికాలో ఈ ఎపిసోడ్ ప్రసారమైన నెలలోనే. 2006 ఫిబ్రవరిలో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది.

కారణం చూడండి. లోపలున్న నిర్దోషుల ప్రాణాల్ని ఇతరుల్ని కాపాడటానికి పనిముట్టులా వాడుకునే హక్కు రాజ్యానికి లేదు, అది మనిషి గౌరవానికే విరుద్ధం అన్నారు. "ఎలాగూ చచ్చేవాళ్ళే కదా" అన్న వాదనని కూడా ఒప్పుకోలేదు, కాసేపట్లో పోయే ప్రాణానికి కూడా అంతే విలువ అన్నారు. వైపర్_రాణి గారూ, ఇది మీకే. కింద ఉన్నవాళ్ళకి పైన విమానంలో ఏం జరుగుతోందో ఖచ్చితంగా తెలిసే అవకాశం తక్కువ అన్న మాట కూడా తీర్పులో ఉంది. అయితే లోపల దాడి చేసేవాళ్ళు మాత్రమే ఉంటే, లేదా అసలు మనుషులే లేకపోతే, అప్పుడు లెక్క వేరు.

ఇప్పుడు మళ్ళీ ఆ కిటికీ సీన్ చూడండి. ఖాళీ అయితే యుద్ధం, నిండుగా ఉంటే హత్య. లీ తొంగి చూసేది అందుకే.

లెక్కలపిచ్చి
అబ్బ. ఇది మాత్రం సూపర్ పోస్ట్ సార్.

రాత్రిగూబ
బాగా చెప్పారు, కానీ ఒప్పుకోను. ఆ కోర్టు వెనక ఒక దేశం ఉంది, కోట్ల జనం ఉన్నారు, ఒక విమానం కూలినా, ఒక భవనం కూలినా ఆ దేశం ఉంటుంది. ఇక్కడ మిగిలిందే యాభై వేలు. గుంపులో బాంబు పేలితే మనిషి జాతే ఉండదు, గౌరవం ఎవరికని?

జడ్జిగారబ్బాయి
ఆ పాయింట్ ఆ కోర్టే వదిలిపెట్టింది అండి. మొత్తం సమాజమే తుడిచిపెట్టుకుపోయే పరిస్థితి వస్తే ఏంటన్నది ఈ కేసులో తేల్చాల్సిన పని లేదన్నట్టు పక్కన పెట్టారు. గెలాక్టికా కమాండర్ మీ అడామా సరిగ్గా ఆ సందులో ఉన్నాడు. కాబట్టి మీరు గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు.

వైపర్_రాణి
ఆర్డర్ ఎవరిచ్చారన్నది కూడా ముఖ్యమే. అడామా ఒక్కడే తేల్చేయలేదు, రోస్లిన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ నిన్నమొన్నటి దాకా విద్యాశాఖ మంత్రి, వరసలో 43వ స్థానంలో ఉండి, పైన ఉన్నవాళ్ళంతా పోతే అధ్యక్షురాలైంది. స్కూళ్ళ గురించి ఫైళ్ళు చూసుకునే మనిషి చేత పౌర ఓడని కాల్చమనిపించారు. చివర్లో అడామా తన కొడుకు లీతో ఆర్డర్ నాది, బాధ్యత నాది అన్నట్టు చెప్తే, లీ ట్రిగ్గర్ నొక్కింది నేను, అది నాదే అంటాడు. తప్పు ఇంకొకడి మీదికి తోసే సీన్లు బోలెడు చూశాం, ఇక్కడ ఎవరికి వాళ్ళు నాది నాది అని లాక్కుంటున్నారు.

శూన్యంలో_చప్పుడు
మరి శాస్త్రవేత్త బాల్టర్? వాడొక్కడే నాది కాదు అన్నవాడు. డాక్టర్ అమరాక్ ఆ ఓడలోనే ఉన్నాడు, రక్షణ వ్యవస్థలో ద్రోహం జరిగిందని అధ్యక్షురాలికి చెప్పాలని వస్తున్నాడు. ఆ ద్రోహానికి దారి ఇచ్చింది బాల్టరే, ఆ ఓడ పోతే వాడు బతికిపోతాడు. వాడి బుర్రలో ఉన్న, వాడికి మాత్రమే కనిపించే సైలాన్ స్త్రీ సిక్స్ దేవుడి ముందు పశ్చాత్తాపపడు అంటుంది, వీడు ప్రాణభయంతో సరే అంటాడు, అప్పుడే ఆర్డర్ వస్తుంది. ఇంతమంది చావు ఒక పిరికివాడి ప్రార్థనకి జవాబులా కనిపించేలా కట్ చేశారు. దుర్మార్గం అది, రాసినవాడికి దండం పెట్టాలి.

కొత్త_ప్రేక్షకుడు
అంటే దేవుడు నిజంగానే ఉన్నాడా ఈ సిరీస్‌లో?

రాత్రిగూబ
రూల్!!! ఎవరూ జవాబు ఇవ్వొద్దు.

పాతకాపు
నోరు కుట్టేసుకున్నా.

నిద్రలేని_జీవి
గొడవ మధ్యలో చిన్న సీన్లు మర్చిపోతున్నాం. గెలాక్టికా సిబ్బందిలో ఒకరైన డువాలా ఫోటో పట్టుకుని వరండాలోకి వెళ్ళేది. అక్కడ గోడ నిండా తప్పిపోయినవాళ్ళ ఫోటోలు, పక్కన కొవ్వొత్తులు, ఒక్కొక్కరూ ఒక్కో ఫోటో అంటించి పోతుంటారు. డైలాగ్ దాదాపు లేదు. సెప్టెంబర్ 11 తర్వాత న్యూయార్క్‌లో గోడల మీద కనిపించినవి కూడా అవే కదా, చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు. ఇంకోటి, బయటికెళ్ళే పైలట్లు ఒక్కొక్కరూ గోడ మీది ఫోటోని చేత్తో తాకి వెళ్తారు. ఎవరూ ఏమీ అనరు, అలవాటైపోయిన పనిలా చేసి వెళ్ళిపోతారు.

లెక్కలపిచ్చి
మళ్ళీ నా అంకెలకి వస్తా. టైటిల్స్‌లో బతికున్నవాళ్ళు 50,298. చివర్లో రోస్లిన్ బోర్డు మీద 47,973. తేడా 2,325. ఒలింపిక్ క్యారియర్ 1,345 తీసేసినా ఇంకా 980 మంది తగ్గారు. చివర్లో ఓడల్లో పుట్టిన బిడ్డని కలిపాక కూడా. ఈ 980 గురించి ఎవరూ ఏడవలేదు!

వైపర్_రాణి
రోస్లిన్ సహాయకుడు బిల్లీ లెక్కలు సరిచేస్తూ ఉంటాడు కదా, ముందు ఎక్కువ రాసుకున్నారు, తర్వాత తగ్గించారు, గాయాలతో పోయినవాళ్ళు కొందరు. యుద్ధంలో జనాభా లెక్క అలాగే ఉంటుంది. కానీ నువ్వన్నది నిజం, ఆవిడ బోర్డు తుడిచి రాసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతుంది. స్టేషన్లో రైళ్ళ టైములు మార్చినట్టు మార్చేస్తుంది.

పాతకాపు
ఆ బిడ్డ సీన్ మాత్రం నాకు నచ్చదు, తిట్టినా పర్లేదు. ఇంత ఘోరం చూపించి చివర్లో బాబు పుట్టాడోచ్ అని ఒకటి కలపడం, పాత సినిమాల్లో క్లైమాక్స్‌లో ఏడుపు వినిపించగానే అందరూ నవ్వేసే టైపు. బాగా నడుస్తున్న కథకి చక్కెర చల్లారు.

నిద్రలేని_జీవి
నేను ఒప్పుకోను పాతకాపు గారూ. ఒక్క అంకె పెరగడం, అంతే. పండగ చేయలేదు, వెనక పాట లేదు. అంతసేపూ తగ్గుతూ వచ్చిన అంకె పక్కన ఒకటి కలిపి ఆవిడ నవ్విందంటే అది ఆశ కూడా కాదు, అలసిపోయిన మనిషి నవ్వు. ఆ మనిషి కూడా ఐదు రోజులు నిద్రపోలేదని మర్చిపోకండి.

శూన్యంలో_చప్పుడు
కాప్రికా గ్రహం మీద చిక్కుకుపోయిన సైనికుడు హీలో సీన్లు ఎవరికన్నా నచ్చాయా? ఇక్కడ గడియారం తరుముతుంటే మధ్యలో వానలో అడవి. నాకు టెన్షన్ తెగిపోయింది ప్రతిసారీ.

పాతకాపు
అసలు హీలో మినీ సిరీస్‌తో అయిపోవాల్సిన పాత్ర, జనానికి నచ్చాడని వెనక్కి తెచ్చారు. కానీ ఆ సీన్ల పని వేరే ఉంది. షారన్ (బూమర్ అసలు పేరు) వచ్చి సిక్స్‌ని కాల్చి అతన్ని విడిపిస్తుంది. గెలాక్టికాలో బూమర్ ఉంది, ఇక్కడా బూమర్ ఉంది. ఆమె సైలాన్ అని మనకి తెలుసు, హీలోకి తెలియదు. పైన ఓడలో ఒక కిటికీలో ఏముందో తెలియక చస్తుంటే, కింద ఎదురుగా ఉన్న మొహంలో ఏముందో తెలియదు.

జడ్జిగారబ్బాయి
సంగీతం గురించి ఒక్క మాట. బేర్ మెక్‌క్రీరీ పెద్ద ఆర్కెస్ట్రా వాయించకుండా డప్పులతో నడిపించాడు చూడండి, గుండె దడలాగే ఉంటుంది. అంతరిక్షంలో పేలుడు శబ్దాలు కూడా బాగా తగ్గించేశారు, ఓడ పోయేటప్పుడు ఆ కెమెరా ఊగుతూ వెతుక్కుంటుంటే వార్తా ఛానెల్ ఫుటేజ్ చూస్తున్నట్టే ఉంది. 2005లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు ఊరికే రాలేదు.

కొత్త_ప్రేక్షకుడు
ఇవన్నీ చదివాక ఆ చివరి పది నిమిషాలు మళ్ళీ చూశా. స్టార్‌బక్ తటపటాయిస్తుంది, లీనే ముందు కాలుస్తాడు, తర్వాతే ఆవిడ. మొదటిసారి ఇది గమనించలేదు. ఆర్డర్ వెయ్ అని ఆవిడ తిట్టింది కదా, ఇదన్నమాట అతను నేర్చుకుంది.

వైపర్_రాణి
చూశావా! అందుకే ఆ బిళ్ళల సీన్ అంత ఇష్టమన్నది.

శూన్యంలో_చప్పుడు
నేర్చుకున్నాడు సరే, నేర్చుకున్నది 1,345 మంది మీద. నా ఓటు ఇప్పటికీ ‘తప్పు’ అనే. జంప్ చేసి వెళ్ళిపోవాల్సింది, రెండో ఎపిసోడ్ థ్రెడ్‌లో కూడా ఇదే అంటా.

రాత్రిగూబ
అను, ఎవరొద్దన్నారు. ‘వాటర్’ థ్రెడ్ ఆదివారం తెరుస్తా, బూమర్ ఫ్యాన్స్ ఇప్పట్నుంచే మాటలు అదుపులో పెట్టుకోండి, ఒక్క స్పాయిలర్ కనిపించినా పోస్ట్ తీసేస్తా.